పుల్ల పలకాలి

పక్కింటాయన దగ్గర తెచ్చుకున్న నిచ్చెన తిరిగి ఇచ్చేద్దామని వెళ్లాను. ఆయన గరాజ్ తలుపు పైకెత్తగానే గుప్పుమని ఒక వాసన వచ్చింది. పాత గ్రీజు, కిరసనాయిలు, రబ్బరు, తుప్పు మీద పోసిన నూనె, అన్నీ కలిసిన వాసన. నిచ్చెన భుజం మీద పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంగ్లండు వచ్చి పంతొమ్మిదేళ్లయింది. కోవెంట్రీలో ఇల్లు కొనుక్కుని పన్నెండేళ్లు. ఇన్నేళ్లలో ఆ వాసన నాకు ఎక్కడా తగల్లేదు. అది తెనాలిలో మా పెదనాన్న సైకిలు షాపు వాసన.

లోపల ముదురాకుపచ్చ రంగు ఎంజీబీ కారు స్టాండ్ల మీద నిలబెట్టి ఉంది. ఇప్పుడు మన ఊళ్లలో ఎంజీ అంటే హెక్టర్ గుర్తొస్తుంది గానీ, ఇది ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్ అనే ఊళ్లో 1962 నుంచి 1980 దాకా తయారైన చిన్న స్పోర్ట్స్ కారు. ఆయనది 1967 నాటిది. రిటైరయ్యాక కొనుక్కున్నారు. రోజుకి రెండు మూడు గంటలు దాని కిందే ఉంటారు. ఆ కారు నేను వీధిలో చాలాసార్లు చూశాను, చక్రాల వంక మాత్రం ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఆ రోజు ఒక చక్రం ఊడదీసి గోడకి ఆనించి ఉంది. అచ్చం మన సైకిలు చక్రమే. రిమ్ము వెడల్పు, పుల్లలు లావు, అంతే తేడా. లెక్కపెట్టాను. 60 ఉన్నాయి.

స్పోకులు అనండి, చువ్వలు అనండి, మా షాపులో పుల్లలు అనేవాళ్లం.

"ఇది బెండు కొడుతోంది. యాభై మైళ్ల స్పీడు దాటితే స్టీరింగ్ వణుకుతోంది. బాగుచేసేవాళ్లకి పంపాలి, నెల రోజులు పడుతుందట" అన్నారాయన.

నేను నిచ్చెన పక్కన పెట్టి చక్రం ముందు గొంతుక్కూర్చున్నాను. చెయ్యి దానంతటదే వెళ్లింది. బొటనవేలి గోరుతో ఒక్కో పుల్లనీ మీటుకుంటూ వచ్చాను. టింగ్. టింగ్. టింగ్. టప్.

"ఇదుగో, ఇది వదులైపోయింది" అన్నాను.

ఆయన నా వంక వింతగా చూశారు. "నీది కంప్యూటర్ ఉద్యోగం కదా?"

"అవును. దానికి ముందు సైకిలు షాపు."

*

మా నాన్నకి పల్లెటూళ్లో ఉద్యోగం. హైస్కూలు చదువు కోసం నన్ను తెనాలిలో పెదనాన్న ఇంట్లో పెట్టారు. పెదనాన్నకి పిల్లల్లేరు. షాపు మారిస్‌పేట వైపు, కాలవకి దగ్గరగా ఉండేది. ముందు తాటాకు పందిరి, దాని వెనక రేకుల గది, దాని వెనక రెండు గదుల ఇల్లు. పెదనాన్న పీట వేసుకుని కూర్చునే చోటికీ పెద్దమ్మ పొయ్యికీ మధ్య ఒక్క తడక అడ్డం. ఇటు కిరసనాయిలు వాసన అటు వెళ్లేది, అటు తిరగమోత వాసన ఇటు వచ్చేది.

పొద్దున్నే అద్దె సైకిళ్లు బయటికి తీసి వరసగా నిలబెట్టడం నా పని. పన్నెండు పెద్దవి, రెండు చిన్నవి. వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నంబర్లు. ఒక్కోదానికీ టైరు నొక్కి గాలి చూడాలి, చైనుకి నూనె చుక్కలు వేయాలి, బెల్లు మోగుతుందో లేదో కొట్టి చూడాలి. గంటకి అర్ధరూపాయి. నోటుబుక్కులో మనిషి పేరు, సైకిలు నంబరు, తీసుకున్న టైము రాసుకోవాలి. ఏడో నంబరు సైకిలంటే అందరికీ మోజు, ఎందుకంటే దానికి డైనమో ఉండేది. ఆదివారం చిన్న సైకిళ్ల కోసం పిల్లలు తెల్లారకుండానే వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్లు. సీటు ఎక్కడానికి కాళ్లు అందనివాళ్లు పెద్ద సైకిలు తీసుకుని, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కత్తెర తొక్కుడు తొక్కుకుంటూ వెళ్లేవాళ్లు. మోకాళ్లు చెక్కుకుపోయి తిరిగొస్తే పెద్దమ్మ పసుపు పెట్టి పంపేది.

ఏడింటికల్లా పాలవాళ్లు వచ్చేవాళ్లు. కొల్లిపర వైపు నుంచి, దుగ్గిరాల వైపు నుంచి. క్యారేజీకి రెండు పక్కలా రెండు క్యాన్లు, హ్యాండిలుకి ఇంకొకటి. పాలు పోసి తిరిగి ఊరెళ్లేముందు మా షాపు దగ్గర ఆగేవాళ్లు. వాళ్లది ఎప్పుడూ ఒకటే ఫిర్యాదు, వెనక చక్రం. కాలవ కట్ట మీది గుంటలన్నీ ఆ వెనక చక్రమే తినేది.

"ముందు చక్రానికి ఎన్ని పుల్లలురా?" అని అడిగాడు పెదనాన్న నేను వచ్చిన మొదటి వారంలో.

లెక్కపెట్టి 32 అన్నాను.

"వెనకదానికి?"

40.

"ఎందుకో చెప్పు."

చెప్పలేకపోయాను. నన్ను సైకిలు సీటు మీద కూర్చోబెట్టి, "ఇప్పుడు నీ బరువు ఎక్కడుంది?" అన్నాడు. కిందకి వంగి చూస్తే నా కింద ఉంది వెనక చక్రం.

*

బెండు తీయడం అనేది చూసేవాళ్లకి చాలా తేలిగ్గా కనిపిస్తుంది. సైకిలుని తలకిందులు చేసి సీటూ హ్యాండిలూ గోనెపట్టా మీద ఆనించేవాడు పెదనాన్న. చక్రాన్ని అరచేత్తో ఒక్క తోపు తోసేవాడు. అది తిరుగుతుంటే ఫోర్కు కడ్డీకి చెయ్యి ఆనించి సుద్దముక్కని రిమ్ము దగ్గరికి మెల్లగా జరిపేవాడు. రిమ్ము ఎక్కడ పక్కకి వచ్చిందో అక్కడ సుద్ద రాసుకుని తెల్లటి గీత పడేది. గీత కుడి పక్కన పడితే, ఆ చోట కుండ (చక్రం నడిమధ్య ఉండే హబ్బుని మేం కుండ అనేవాళ్లం) ఎడమ పక్కకి వెళ్లే పుల్లలు పావు తిప్పు బిగించాలి, కుడి పక్కవి పావు తిప్పు వదలాలి. గుడ్డతో గీత తుడిచి మళ్లీ తిప్పాలి. గీత పొట్టిదవుతుంది. మళ్లీ. ఇంకా పొట్టిది.

ఎటు తిప్పాలన్నదే నాకు మొదట్లో తలనొప్పి. నిపిల్ అనేది రిమ్ములోంచి లోపలికి దిగిన చిన్న ఇత్తడి నట్టు. టైరు వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు తిప్పితే బిగుస్తుంది. మనం కూర్చుని చూసేది కుండ వైపు నుంచి, అంటే అంతా తిరగబడుతుంది. పెదనాన్న దానికి సూత్రమేమీ చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని ఒక పది పుల్లలు తిప్పించాడు. ఆ తర్వాత నా వేళ్లు మర్చిపోలేదు.

పుల్లల పానా ఆయన దగ్గర ఒకటే ఉండేది. రూపాయి బిళ్లంత గుండ్రంగా, మందంగా, అంచు చుట్టూ రకరకాల సైజుల గాళ్లతో ఉండేది. ఆయన బొటనవేలు ఆనే చోట మాత్రం అద్దంలా అరిగిపోయి మెరిసేది.

"వంకర ఉన్నచోటే చెయ్యి పెట్టకు. చుట్టూ నాలుగు పుల్లలు మీటి చూడు" అనేవాడు. "ఒకటి వదిలేస్తే దాని బరువు పక్కది మోస్తుంది. మోసి మోసి అది విరుగుతుంది. విరిగినదాన్ని మార్చి పంపిస్తే వారానికి ఇంకోటి విరిగి మళ్లీ వస్తారు."

మా ఊళ్లో వడ్రంగం ఉండేది, అక్కడ ఎడ్లబండి చక్రాలు చేయడం చూస్తూ పెరిగినవాణ్ని. ఆ చక్రానికీ ఈ చక్రానికీ తేడా ఏమిటో పెదనాన్న చెప్పేదాకా నాకు తట్టలేదు. బండి చక్రంలో ఆకులు, అంటే దాని పుల్లలు, కొయ్యవి, కుండ కింద గుంజల్లా నిలబడి బరువు మోస్తాయి. ఇనప పుల్ల అలా మోయలేదు. నొక్కితే వంగిపోతుంది. దానికి చేతనైంది లాగడం ఒక్కటే. 40 పుల్లలు 40 వైపులా లాగి పట్టుకుంటే కుండ నడిమధ్యన నిలబడుతుంది. ఏ ఒక్కటి పట్టు వదిలినా మిగతావి రిమ్ముని తమ వైపు లాగేసుకుంటాయి. ఆ లాగుడు సమానంగా ఉందో లేదో కంటికి కనపడదు. చెవికి వినపడుతుంది. ఒక పక్క పుల్లలన్నీ ఒకటే స్వరంలో మోగాలి. వెనక చక్రానికి ఫ్రీవీల్ వైపు, అంటే చైను తగులుకునే పళ్లచక్రం వైపు, పుల్లలు ఇంకాస్త సన్నగా, పైస్థాయిలో మోగాలి, ఎందుకంటే ఆ పక్క కుండ అంచు లోపలికి జరిగి ఉంటుంది, పుల్లలు ఎక్కువ బిగువులో ఉంటాయి.

"పలుకుతోందా?" అనేవాడు. మోగుతోందా అని ఎప్పుడూ అనలేదు.

పెద్దమ్మ ఎప్పుడూ పానా పట్టుకోలేదు. కానీ ఆ తడక వెనక నుంచి రోజూ వింటూనే ఉండేది. పెదనాన్న చక్రం తిప్పి స్క్రూడ్రైవరు మొన పుల్లలకి తగిలీ తగలనట్టు పెడితే టింగ్ టింగ్ టింగ్ అని ఒక చుట్టు తిరిగేది. పని అయిపోయిందనుకుని ఆయన చేతులు తుడుచుకుంటుంటే లోపల నుంచి వినిపించేది:

"ఇంకా ఒకటి పలకట్లేదు."

పెదనాన్న మళ్లీ కూర్చునేవాడు. వెతికితే ఒకటి దొరికేది. ఆ మాటకి ఆయన ఒక్కనాడు కూడా చిన్నబుచ్చుకోవడం నేను చూడలేదు.

*

ఎనిమిదో తరగతిలో ఒక తప్పు చేశాను. అది ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

పెదనాన్న సామాను కోసం విజయవాడ వెళ్లిన రోజు. వాన పడి వెలిసింది. ఒక పాలాయన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. వెనక చక్రం బ్రేకు కట్టలకి రాసుకుంటోంది. పాలు ఇంకా పోయలేదు, క్యాన్లు నిండుగా ఉన్నాయి. "పెద్దాయన లేడా" అన్నాడు. "నేను చేస్తాను" అన్నాను. అప్పటికి నాలుగైదు ముందు చక్రాలు సరిచేసిన ధైర్యం.

గీత పడ్డచోట ఎదుటి పక్క పుల్లలు బిగించాను. వదలాల్సినవి వదల్లేదు. వదిలితే చక్రం వదులవుతుందేమోనని భయం. బిగించినకొద్దీ ఆ చోట రిమ్ము లోపలికి దిగిపోయింది. దాన్ని సరిచేయడానికి ఇంకో చోట బిగించాను. చివరికి చక్రం ఒక్కసారి టక్కుమని శబ్దం చేసి, నూనెలో వేసిన అప్పడంలా మెలికపడింది. ఫోర్కు మధ్య తిరగనే తిరగలేదు.

అద్దె సైకిలు ఇద్దామంటే ఆ పూట అన్నీ వెళ్లిపోయాయి. పాలాయన ఒక క్యాను నెత్తిన పెట్టుకుని, రెండోది చేత్తో పట్టుకుని నడుచుకుంటూ వెళ్లాడు. మూడోది మా గుమ్మంలోనే ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి ఎండెక్కింది, పాలు విరిగిపోయాయి. ఆయన ఒక్క మాట అనలేదు. పెద్దమ్మ డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాడు.

రాత్రి పెదనాన్న వచ్చి చూశాడు. కోప్పడతాడని ఎదురుచూశాను. టైరూ ట్యూబూ తీసేసి, చక్రం నా ముందు పెట్టి, "అన్నీ విప్పు. ప్రతి పుల్లకీ మర కనపడాలి, అన్నిటికీ ఒకే అంత కనపడాలి" అన్నాడు. నలభయ్యీ విప్పాను. "ఇప్పుడు ట్యూబు మూతి దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక్కోదానికి ఒక్క తిప్పు. చుట్టు తిరిగి రా." తిరిగి వచ్చాను. "మళ్లీ." అలా ఎన్ని చుట్లో. ముందు గుండ్రం సరిచూడాలి, తర్వాతే వంకర. లాంతరు పట్టుకుని పెద్దమ్మ పక్కన కూర్చుంది. అర్ధరాత్రి దాటాక ఆయన స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాడు. ఒక చుట్టంతా ఒకటే చప్పుడు. పెద్దమ్మ ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లి పడుకుంది.

తెల్లవారకముందే పెదనాన్న ఆ సైకిలు తనే తొక్కుకుంటూ పాలాయన ఊరు వెళ్లి ఇచ్చి, నడిచి వచ్చాడు.

*

రాత్రిళ్లు రిక్షాలు వచ్చేవి. సెకండ్ షో వదిలాక, ఆఖరి బేరం దింపాక, స్టేషన్ వైపు నుంచి ఒకదాని వెనక ఒకటి. వాళ్లకి పగలు ఆగే తీరిక ఉండేది కాదు. రిక్షా చక్రానికి లావు పుల్లలు వేస్తారు, అయినా సైకిలు చక్రం కంటే తొందరగా బెండు పడుతుంది. ఎందుకని ఒకసారి అడిగాను.

పెదనాన్న నన్ను సైకిలెక్కించి షాపు ముందు ఒక చుట్టు తిరిగి రమ్మన్నాడు. తిరిగాను. "మలుపులో ఏం చేశావు?" ఏమీ చేయలేదన్నాను. "వంగావురా. సైకిలూ నువ్వూ కలిసి వంగారు. బరువు చక్రం నిలువులోకే దిగింది. రిక్షాకి మూడు కాళ్లు, అది వంగదు. మలుపు తిరిగితే బరువంతా చక్రాన్ని పక్కకి తోస్తుంది. పక్కకి తోస్తే పుల్లకి మహా కష్టం."

ఆ మాట నాకు కోవెంట్రీలో, ఆ గరాజ్‌లో, ఎంజీబీ చక్రం ముందు కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. కారు కూడా వంగదు. అందుకే దాని కుండ అంత పొడుగ్గా, లోతుగా ఉంది. కుండ ముందు అంచు నుంచి ఒక వరస పొడవు పుల్లలు, వెనక అంచు నుంచి ఇంకో వరస పొట్టి పుల్లలు, కాళ్లు బార్లా చాపి నిలబడ్డట్టు. పక్క నుంచి వచ్చే తోపుని ఆ వెడల్పే ఆపుతుంది. ఈ చక్రం పెదనాన్న ఎప్పుడూ చూడలేదు. చూస్తే ఒక్క నిమిషంలో చదివేసేవాడు.

*

ఏడాదికి ఒక్కరోజు ఆ షాపులో చప్పుడు ఉండేది కాదు. ఆయుధపూజ రోజు. ముందు రోజు కిరసనాయిలు గుడ్డతో అద్దె సైకిళ్ల పుల్లలన్నీ ఒక్కొక్కటే తుడిచేవాళ్లం. పధ్నాలుగు సైకిళ్లు. పానాలు, సుత్తులు, పంపు, పుల్లల పానా అన్నీ కడిగి పీట మీద పేర్చి పసుపు కుంకుమ పెట్టేది పెద్దమ్మ. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కించేవాళ్లం. ఆ రోజు పనిముట్టు ముట్టుకోకూడదు. సాయంత్రానికి పెదనాన్నకి చేతులు ఏం చేయాలో తోచేది కాదు. "ఇల్లు బోసిగా ఉంది" అనేది పెద్దమ్మ.

*

ఒక రిటైర్డ్ మాస్టారు తన పాత రడ్జ్ సైకిలు ఓవర్‌హాలింగ్‌కి తెచ్చేవారు. ఆ రోజుల్లో ర్యాలీ, హంబర్, రడ్జ్ అంటే గొప్ప. మా ఈడు పిల్లలు అంత పాతవాటిని ముట్టుకోవడానికి కూడా భయపడేవాళ్లు. ఆ రడ్జ్ పళ్లచక్రంలో మనిషి అరచెయ్యి ఆకారం ఉండేది, తెరిచిన చెయ్యి, అయిదు వేళ్లతో. గోళీలు కడిగి గ్రీజు పెడుతూ ఆ చెయ్యి వంకే చూస్తూ ఉండేవాణ్ని. ఎవరిదా చెయ్యి అనుకునేవాణ్ని.

కోవెంట్రీ వచ్చిన మొదటి చలికాలంలో ఇక్కడి ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియంకి వెళ్లాను. అప్పుడు తెలిసింది, నేను పుల్లలు తుడుస్తూ పెరిగిన సైకిలుకి పుట్టినిల్లు ఈ ఊరేనని. పుల్లల్ని కుండ నుంచి నిట్టనిలువుగా పెట్టకుండా పక్కకి వాల్చి, ఒకదాన్నొకటి దాటించి కట్టే పద్ధతికి 1874లో జేమ్స్ స్టార్లీ అనే ఆయన ఇక్కడే పేటెంట్ తీసుకున్నాడు. పెడలు తొక్కితే కుండ ముందు మెలితిరుగుతుంది, నిలువు పుల్లలు ఆ మెలికకి తట్టుకోలేవు. వాలిన పుల్లలైతే రిమ్ముని గట్టిగా లాక్కుని వెళ్తాయి. ఆయన తోడబుట్టినవాడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీ 1885లో వెనక చక్రానికి చైనుతో రోవర్ సైకిలు చేశాడు. ఇప్పటికీ ప్రపంచమంతా తొక్కుతున్నది దాని వారసత్వమే. గ్రేఫ్రయర్స్ గ్రీన్ అనే పార్కులో జేమ్స్ స్టార్లీ స్మారకం ఉంది. స్టేషన్‌కి నడిచి వెళ్లేటప్పుడల్లా దాన్ని చూస్తాను.

రడ్జ్ కూడా ఈ ఊరిదే. ఆ రడ్జ్-విట్‌వర్త్ సైకిలు కంపెనీయే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్ల కోసం ఊడదీసి మార్చుకునే పుల్లల చక్రం తయారుచేసింది. పళ్లున్న కుండ మీదకి చక్రాన్ని తోసి, మధ్యలో ఒకే ఒక్క నట్టు బిగిస్తే సరి. ఎంజీబీ చక్రంలో ఉన్నది ఆ పద్ధతే. అంటే సైకిలు షాపువాళ్ల చేతి పనే కారెక్కింది. ఈ సంగతి తెలిసినప్పటికి పెదనాన్న లేడు.

*

ఆయన ఆఖరి రోజుల్లో షాపు షాపులా లేదు. మోపెడ్లు వచ్చాయి, తర్వాత ఆటోలు వచ్చాయి. రిక్షాలు ఒక్కొక్కటే కనపడకుండా పోయాయి. అద్దె సైకిళ్లు పాత ఇనుము కింద తూకానికి వెళ్లాయి. ఏడో నంబరు మాత్రం అమ్మనివ్వలేదు. కళ్లకి శుక్లాలు వచ్చాయి. సుద్దగీత కనపడేది కాదు, అయినా ఎవరైనా చక్రం తెస్తే కాదనేవాడు కాదట. బొటనవేలి గోరు రిమ్ముకి ఆనించి తిప్పేవాడు, గోటికి తగిలినచోట పుల్ల మీటేవాడు. ఫోన్ చేస్తే, "ఇప్పుడు పిల్లల సైకిళ్లకి గేర్లున్నాయిరా, పుల్లలు మాత్రం అవే" అన్నాడు ఒకసారి, చాలా సంతోషంగా.

నేను వెళ్లేసరికి పెద్దకర్మ రోజు. షాపు గదిలో ఇప్పుడు ఎవరో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. పెద్దమ్మ పాత పంచె ముక్కలో చుట్టిన పుల్లల పానా తెచ్చి నా చేతిలో పెట్టింది. కిరసనాయిలు వాసన ఇంకా పోలేదు.

*

పక్కింటాయనకి చెప్పాను, ఎవరికీ పంపొద్దు, రెండు శనివారాలు ఇమ్మని. ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

మొదటి శనివారం మిగతా చక్రాలు కూడా మీటి చూద్దామని ఊడదీశాం. నడిమి నట్టుకి రెండు చెవులు ఉంటాయి, వాటిని రాగి ముఖం ఉన్న సుత్తితో కొట్టి విప్పాలి. ఎడమ పక్క చక్రాలకి మామూలు మర, కుడి పక్క చక్రాలకి ఎడమ మర, అంటే తిరగబడ్డ మర. కారు ముందుకి వెళ్లేటప్పుడు చక్రం ఎటు తిరుగుతుందో అటు కొడితే ఊడుతుంది. ఆయన ఇది చెబుతుంటే నేను సైకిలు ఎడమ పెడలుకి కూడా ఎడమ మరే ఉంటుందని చెప్పాను. ఆయనకి తెలుసు. ఇద్దరం చాలాసేపు మరల గురించే మాట్లాడుకున్నాం.

బెండు చక్రానికి టైరూ ట్యూబూ విప్పేసి, నిపిల్స్ అన్నిటికీ తుప్పు వదిలే నూనె పెట్టి వారం రోజులు వదిలేశాం. తుప్పు పట్టిన నిపిల్‌ని బలవంతంగా తిప్పితే పుల్ల మెలిపడి విరుగుతుంది. ఈ విషయంలో తొందరపడేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. చక్రాలు పాడయ్యేది ఎక్కువగా గుంటల్లో పడి అనుకుంటాం, చేతుల్లో పడి పాడయ్యేవీ తక్కువేం కాదు.

రెండో శనివారం చక్రాన్ని కారు కుండకే తిరిగి బిగించి, గాల్లో తిప్పాం. కారే స్టాండు. పెదనాన్న పానా తెచ్చాను. దాని పెద్ద గాడి కూడా ఈ నిపిల్‌కి పట్టలేదు, ఇవి బాగా పెద్దవి. ఆయన దగ్గర ఉన్న చిన్న పానాతో తిప్పాను. పెదనాన్న పానాని కారు ముందు మడ్‌గార్డు మీద గుడ్డ వేసి పెట్టాను. ఆయనకి డయల్ గేజ్ ఉంది, వంకర ఎంతో ముల్లుతో చూపించే కొలత పరికరం. దాన్ని రిమ్ముకి ఆనించారు. నేను సుద్దముక్క తీసుకున్నాను. గేజ్ మూడున్నర మిల్లీమీటర్లు చూపించింది. సుద్ద జానెడు గీత గీసింది.

ముందు గుండ్రం. తర్వాత వంకర. గీత పడ్డచోట చుట్టూ మీటి చూశాను. పొడవు వరసలో మూడు పక్కపక్కనే చచ్చుబడి ఉన్నాయి, వాటి ఎదురుగా ఉన్న పొట్టివి తెగేంత బిగువులో ఉన్నాయి. ఎవరో ఎప్పుడో ఒక పక్కే బిగించుకుంటూ పోయారు. వాళ్లు ఎలా చేసి ఉంటారో నాకు బాగా తెలుసు. పొట్టివి పావు తిప్పు వదిలాను, పొడవువి పావు తిప్పు బిగించాను. తుడిచి తిప్పాను. ఆయన ప్రతిసారీ అంకె చదివి గోడ మీది కాగితం మీద రాశారు. టీ రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ చల్లారిపోయింది. సాయంత్రానికి గేజ్ ముప్పావు మిల్లీమీటరు దగ్గర ఊగుతోంది. బిగించినచోట పుల్లల కొసలు నిపిల్ దాటి పైకి వచ్చాయి. వాటిని ఆకురాయితో అరగదీశాను, లేకపోతే ట్యూబులో దిగుతాయి.

"చాలు, కొత్తదానికి కూడా ఇంత రాదు" అన్నారాయన.

నాకు మాత్రం ఏదో మిగిలినట్టుంది. ఇండియాలో రాత్రి అవుతోంది, పెద్దమ్మ వంట చేసుకునే వేళ. ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"పెద్దమ్మా, ఒక చప్పుడు వినిపిస్తాను, విను."

"ఏంటిరా?"

ఏమీ చెప్పలేదు. ఫోన్ చక్రం పక్కన పెట్టి, చక్రం మెల్లగా తిప్పి, స్క్రూడ్రైవరు మొన పుల్లలకి తగిలీ తగలనట్టు ఆనించాను. టింగ్ టింగ్ టింగ్ అని ఒక చుట్టు తిరిగింది. అటు వైపు ఏమీ వినపడలేదు, మూకుట్లో గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది. లైను పోయిందేమో అనుకున్నాను.

"మళ్లీ తిప్పు" అంది.

తిప్పాను.

"ఇంకా ఒకటి పలకట్లేదు."

పక్కింటాయనకి తెలుగు రాదు. నా ముఖం చూసి ఏమందని అడిగారు. చెప్పాను. ఆయన గేజ్ వంక చూశారు, చక్రం వంక చూశారు, పక్కకి జరిగి నాకు చోటిచ్చారు. ట్యూబు మూతి రంధ్రం దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే మీటాను. దొరికింది. వెనక వరసలో, పొడవు పుల్ల చాటున ఉన్న ఒక పొట్టిది. పావు తిప్పు కూడా పట్టలేదు.

మళ్లీ తిప్పాను.

"ఊఁ" అంది పెద్దమ్మ. కాసేపు ఆగి, "అన్నం తిన్నావా?" అంది. తినలేదన్నాను. "పోయి తిను. నా కూర మాడిపోతోంది" అని పెట్టేసింది.